తెల్ల కొంగ - డ్రిల్లు మాస్టారు

సావనీరు సంపాదకవర్గంలోని తమ్ముడొకడు నెలరోజులుగా మా లాబ్ చుట్టూ తిరుగుతున్నాడు. "అన్నా, రీసెర్చి స్కాలర్ల తరఫున ఒక్క వ్యాసమైనా లేకపోతే బాగుండదు. మీ సబ్జెక్టు మీదే ఏదో ఒకటి రాసి పడెయ్యండి" అని అతని గోల. నా సబ్జెక్టు మీద రాస్తే చదివేవాళ్ళు ఇద్దరే ఇద్దరు - ఒకరు మా గైడు గారు, రెండోవాడు ప్రూఫులు దిద్దే కుర్రాడు. ఆ ఇద్దరిలో కూడా చివరిదాకా చదివేది ప్రూఫులవాడేనని నా గట్టి నమ్మకం. అందుకని కెమిస్ట్రీ జోలికి పోకుండా, ఈ కాంపస్‌లో నన్ను నలుగురికీ తెలిసేలా చేసిన సంగతేదో దాని గురించే రాస్తున్నాను.

తెల్లవారుజామున హాస్టలు వెనక వేపచెట్టు కింద, నడుంలోతు నీళ్ళలో నడుస్తున్నవాడిలా చేతులూ కాళ్ళూ కదుపుతూ ఓ శాల్తీ కనిపిస్తుందే, అది నేనే. జూనియర్లు నాకు పెట్టిన పేరు "స్లోమోషన్ అన్న" అని నాకు తెలియకపోలేదు. మెస్సులో వంటాయన ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "బాబూ, ఇంట్లో అంతా కులాసాయేనా? మనసులో ఏమన్నా పెట్టుకున్నారా?" అని జాలిగా అడిగాడు. ఆయనకి అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాననుకోండి.

దాని పేరు తాయ్ చీ. చైనావాళ్ళ విద్య. పూర్తి పేరు తాయ్‌జి చ్వాన్. ఇందులో "చీ" అంటే ప్రాణశక్తి అని చాలామంది పొరబడతారు. ఊపిరికీ ప్రాణశక్తికీ వాళ్ళు వాడే "చీ" వేరు, ఈ "చీ" వేరు. తాయ్‌జి అంటే పరమావధి, చ్వాన్ అంటే పిడికిలి. అంటే ఇది పుట్టుకతో యుద్ధవిద్యే కాని ముసలివాళ్ళ వ్యాయామం కాదు. హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశంవారి ఊరు ఒకటుంది. ఆ ఊళ్ళో తరతరాలుగా కాపాడుకొస్తున్న విద్యని యాంగ్ లూచాన్ అనే ఆయన (1799-1872) నేర్చుకుని బీజింగ్ తీసుకువెళ్ళాడు. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ (1883-1936) దాన్ని నిదానంగా, విశాలంగా, ఎవరైనా చేయగలిగేలా దిద్దాడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ ఆ యాంగ్ పద్ధతి నుంచే 24 భంగిమలు ఏరి ఒక చిన్న వరస కూర్చింది. మొత్తం చేయడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. నాకు వచ్చింది ఆ 24 మాత్రమే. వచ్చింది అనడం కూడా అతిశయోక్తే, మా నాన్నగారు వింటే ఒప్పుకోరు.

ఇక అసలు కథ.

2020 మార్చిలో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారు గదా. ట్రంకు పెట్టె, సగం రాసిన నోట్సు పుచ్చుకుని చీరాల చేరాను. పదిహేను రోజులు గడిచేసరికి వేళకి తిండి, వేళాపాళా లేని నిద్ర, రోజంతా ఫోను, వీటితో నడుం పట్టేసింది. పెనాంగ్‌లో ఉంటున్న మా సీనియర్ ఒకాయనతో ఈ గోడు వెళ్ళబోసుకుంటే, తన పక్కింటి పెద్దావిడ జూమ్‌లో తాయ్ చీ నేర్పుతోందని చెప్పి లింకు పంపాడు. వారానికి రెండు రోజులు. వాళ్ళకి ఎనిమిదిన్నర, మనకి ఆరు.

ఆవిడకి డెబ్బయి దాటాయి. చైనా సంతతి మలేషియా మనిషి, పొట్టిగా, చుట్టుపక్కల ఏ బడిలోనైనా కనిపించే లెక్కల టీచరమ్మలా ఉండేది. ప్రతి వాక్యం చివరా "లా" చేర్చి మాట్లాడే ఇంగ్లీషు. మొదటిరోజు నా ఊరూ పేరూ అడిగి, తెలుగువాణ్ణని చెప్పగానే మొహం విప్పారింది. ఆవిడ చిన్నతనం పేరాక్ రాష్ట్రంలో తోటల మధ్య గడిచిందట. ఇరుగుపొరుగున తెలుగు కూలీల కుటుంబాలు ఉండేవట. "రా అమ్మా, తిను" అని రెండు ముక్కలు స్పష్టంగా అని, అంతకన్నా గుర్తులేదని నవ్వేసింది. ఎక్కడో సముద్రానికి అవతల మనవాళ్ళెవరో ఓ పరాయి పిల్లకి పెట్టిన ముద్ద నాకు ఇంత కాలానికి పరిచయంగా అక్కరకొచ్చింది.

పాఠాలు మా డాబా మీద. పిట్టగోడకి ఆవకాయ జాడీ, జాడీకి ఆనించి ఫోను. మొదటి వారమంతా నిలబడడమే. మోకాళ్ళు కాస్త సడలించి, భుజాలు దించి, నడినెత్తిని ఎవరో దారంతో పైకి పట్టుకున్నట్టు ఊహించుకుని నిలబడాలి. "రిలాక్స్ లా!" అంటుంది ఆవిడ. నేను రిలాక్సవడానికి పళ్ళు బిగబట్టి ప్రయత్నించేవాణ్ణి. తర్వాత భంగిమలు. వాటి పేర్లే ఓ చిన్న కావ్యం: అడవి గుర్రం జూలు పాయదీయడం, తెల్ల కొంగ రెక్కలు చాచడం, వీణలాంటి వాద్యం మీటడం, కోతిని తరుముతూ వెనక్కి నడవడం, పిచ్చుక తోక పట్టుకోవడం, మబ్బుల్లా చేతులు కదపడం. "అందగత్తె నాడె ఆడించడం" అని ఒకటుంది. మా పక్కింటి చేనేత మామయ్య గోడ మీంచి అది చూసి, "అల్లుడూ, అంత నెమ్మదిగా నాడె ఆడిస్తే ఒక్క చీర దిగేసరికి మనవలు పుడతారు" అన్నాడు.

ఆన్‌లైన్ చదువులో ఉన్న కష్టం ఏమిటంటే, గురువు మనకి ఎదురుగా ఉంటే ఆవిడ కుడి మనకి ఎడమ. అది గ్రహించి ఆవిడ వీపు మా వైపు తిప్పి నిలబడేది. అప్పుడు మేం చేసేది ఆవిడకి కనబడదు. కనబడేటట్టు ఇటు తిరిగినా, నా ఫోనులో నేను నడుం వరకే కనిపించేవాణ్ణి. చేతులు చూసి "గుడ్, గుడ్" అనేది. కాళ్ళ సంగతి ఆవిడకేం తెలుసు? నెల తిరిగేసరికి కుడి మోకాలు నొప్పి పట్టుకుంది. మెట్లు దిగుతుంటే కలుక్కుమనేది.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన ముప్ఫై ఏళ్ళపాటు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన "అటెన్షన్" అంటే స్కూలు గేటు బయట జామకాయలమ్మే ముసలమ్మ కూడా నిటారుగా కూర్చునేదని ఊళ్ళో చెప్పుకునేవారు. 2018లో కుడిచేయి ఊరికే ఉన్నప్పుడు వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. మన వైద్యంలో కంపవాతం అంటారే, అది. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల వస్తుంది. అందుకు లీవోడోపా ఇస్తారు. మన చేలగట్ల మీద తీగలు పాకే దూలగొండి గింజల్లో ఉండేదీ ఆ పదార్థమే. ఇదంతా నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న కెమిస్ట్రీయే. కాని పక్కగదిలోంచి నాన్నగారు పిలిస్తే వినబడకపోవడం ఏ పుస్తకంలోనూ చదివినట్టు అనిపించలేదు. ఆ జబ్బు గొంతుని కూడా మింగేస్తుంది. అడుగులు చిన్నవయ్యాయి. గడప దగ్గరకొచ్చేసరికి కాలు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోయేది. పైమనిషి ముందుకి, పాదం అక్కడే. అలా రెండుసార్లు పడ్డారు.

ఆయన పొద్దున మాత్ర వేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని డాబా మీదకి వచ్చి, కుర్చీలో కూర్చుని నా విన్యాసాలు చూసేవారు. మొదట్లో ఒకటే మాట: "ఇది డ్రిల్లా, నత్తల ఊరేగింపా?" నాకూ ఒళ్ళు మండేది. ఒకరోజు మోకాలు పట్టుకుని కూలబడితే, ఆ సన్నని గొంతుతో, "ఒరేయ్, వెనక మడమ లేస్తోందిరా. బరువంతా కాలిమీద ఉండగానే పాదం తిప్పుతున్నావు. అందుకే మోకాలు మెలిపడుతోంది" అన్నారు.

మర్నాటి క్లాసులో ఫోను నేలమీద పెట్టి కాళ్ళు చూపించాను. ఆవిడ రెండడుగులు చూసి చెయ్యెత్తి ఆపేసింది. ముందు బరువు వెనక్కి తీసుకో, కాలు ఖాళీ అయ్యాక తుంటినుంచి తిప్పు, మోకాలు ఎప్పుడూ కాలివేళ్ళ వైపే ఉండాలి, వెనక మడమ నేల వదలకూడదు అంది. అక్షరం పొల్లుపోకుండా నాన్నగారి మాటే. "నీకు ఎవరు చెప్పారు?" అంటే చెప్పాను. "అయితే నీకు ఇద్దరు గురువులు. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకో" అంది. ఆరోజు నుంచీ తాయ్ చీ మా ఇంట్లో నత్తల ఊరేగింపు కాకుండా పోయింది. నేను జరగడం, కుర్చీలోంచి "మడమ", "భుజం", "మడమ" అని వినబడడం.

తాయ్ చీలో ప్రాణం ఎక్కడుందంటే ఆ ఖాళీ, నిండు అన్న రెండు మాటల్లోనే ఉంది. ఏ క్షణంలోనైనా ఒక కాలు నిండుగా, ఒక కాలు ఖాళీగా ఉండాలి. ఖాళీ అయిన కాలే లేస్తుంది. పాత గురువులు దాన్ని పిల్లి నడకతో పోల్చారు. మనం మామూలుగా నడిచేటప్పుడు ముందుకి పడబోతూ, పడకుండా కాలు అడ్డం వేసుకుంటూ పోతాం. ఇందులో అలా కుదరదు. ఈ కాలు పూర్తిగా మోస్తేగాని ఆ కాలు కదలదు. నాన్నగారు దీన్ని చాలా సేపు ఆలోచించినట్టున్నారు. జూన్ నెలలో ఒకరోజు లేచి, కుర్చీ వీపు పట్టుకుని, తనంతట తానే ఎడమకీ కుడికీ బరువు మార్చడం మొదలెట్టారు. మాత్ర వేసుకున్న గంటకి ఒళ్ళు కాస్త మాట వింటుంది, ఆ వేళ చూసుకుని రోజూ ఇద్దరం. "సడలించండి నాన్నా" అని నేను, "మడమ" అని ఆయన.

ఇక్కడితో ఆపితే వ్యాసం శుభంగా ముగిసేది. కాని ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

ఆ డిసెంబరులో తాయ్ చీని యునెస్కోవారు మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు. క్లాసులో అందరికీ పండగ. తలా ఒక వీడియో పంపాలని అనుకున్నాం. నాకు మహా ఉబలాటం. ఎవరి వీడియోలో మాత్రం పార్కిన్సన్స్ ఉన్న డ్రిల్లు మాస్టారు ఉంటారు! ఒంటికాలి మీద కోడిపుంజులా నిలిచే భంగిమ ఒకటుంది. నాన్నగారు కుర్చీ పట్టుకుని అది రెండు లిప్తలు చేయగలుగుతున్నారు. ఫోను సరిచేస్తూ, "కుర్చీ అడ్డం వస్తోంది నాన్నా, కాస్త తీసేస్తాను" అన్నాను. ఆయన ఒక్కక్షణం నా మొహం కేసి చూశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత మార్చిఫాస్టు చేయించిన మనిషి, కొడుకు అడిగితే కాదనడానికి మనసొప్పలేదేమో, తలూపారు.

పడిపోయారు. ఎడమ మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు. ఆస్పత్రి నుంచి వచ్చాక అమ్మ నన్ను ఒక్క మాటే అడిగింది. "వీడియో బాగా వచ్చిందా?" ఈ రోజుకీ ఆ మాట గుర్తొస్తే గొంతులో ముద్ద దిగదు.

తరువాతి క్లాసుకి వెళ్ళలేదు. ఆ తరువాతి దానికీ వెళ్ళలేదు. ఆవిడే ఫోను చేసింది. జరిగింది దాచకుండా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. "నేను నీకు రూపం నేర్పాను. నువ్వు మీ నాన్నగారి దగ్గర చూసిందీ రూపమే. ఆ సమయంలో ఆయన బరువు ఎక్కడుందో చూశావా?" అంది. చూడలేదు. నేను చూస్తున్నది ఫోనులో ఫ్రేము. "కుర్చీ చేతకానివాళ్ళకి కాదు లా. ఆయనకి ఆ కుర్చీయే నిండు కాలు. దాన్ని నువ్వు తీసేశావు" అంది. కాసేపాగి, "రేపు ఆరింటికి రా" అంది.

జనవరిలో మళ్ళీ మొదలెట్టాం. నాన్నగారు కుర్చీలో కూర్చునే, ఒక్క చేత్తో మబ్బుల్ని కదిపేవారు. కాళ్ళు మాత్రం నేలమీద ఆనించి ఒకసారి ఈ పాదం నొక్కడం, ఒకసారి ఆ పాదం నొక్కడం. కట్టు విప్పాక నిలబడ్డారు. ఈసారి కుర్చీని నేను తాకలేదు. ముందు ఒక కుర్చీ, వెనక ఒక కుర్చీ, పక్కన నేను. ఒంటికాలి భంగిమ మా వరసలోంచి తీసేశాం. ఇరవై నాలుగు పోయి ఎనిమిది మిగిలాయి. నేను ఒక్కణ్ణే చేసుకునేటప్పుడు తప్ప ఇరవై నాలుగు చేయడం మానేశాను.

2021 ఉగాది నాడు అమ్మ పూజగదిలో పచ్చడి పెట్టి పిలిచింది. నాన్నగారు గడప దగ్గరకొచ్చి ఆగిపోయారు. కాలు అతుక్కుపోయింది. నేను వసారాలోంచి పరిగెత్తబోయాను. ఆయన ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకుని, కళ్ళతోనే నన్ను ఆగమన్నారు. తొందరపడలేదు. ముందుకి వంగలేదు. నెమ్మదిగా కుడికి ఒరిగారు, ఎడమకి ఒరిగారు, మళ్ళీ కుడికి. ఎడమకాలు నిండే వరకు ఆగారు. అప్పుడు ఖాళీ అయిన కుడికాలు లేచి, గడప దాటి, అవతల మడమ ఆనింది. తరువాత రెండోది. లోపలికెళ్ళి నిలబడి, నాకేసి తిరిగి, "స్టాండెటీజ్" అన్నారు. పక్కనున్న అమ్మకి కూడా సరిగా వినబడని గొంతు. నాకు మాత్రం వినబడింది.

జబ్బు నయమైందని ఎవరూ అనుకోకండి. అది నయమయ్యేది కాదు, ఏటికేడాది ముదిరేదే. మాత్రలు పెరిగాయి. ఇప్పుడాయన ఎక్కువగా కూర్చునే చేస్తారు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో 195 మంది పార్కిన్సన్స్ రోగుల్ని మూడు జట్లు చేసి, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు మూడు రకాల వ్యాయామాలు చేయించారు. 2012లో ఫలితాలు ప్రచురించారు. నిలకడ విషయంలో తాయ్ చీ జట్టు మిగతా రెండిటికన్నా మెరుగు. ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసినవాళ్ళకన్నా తక్కువసార్లు పడ్డారు. మందు మానమని అందులో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పను. ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే డాక్టర్ని అడిగి, కుర్చీ దగ్గర పెట్టుకుని, వీడియో సంగతి మరచిపోయి మొదలెట్టండి. ఫోను పాఠం పనికిరాదని కూడా అనను. డాబా మీది మనిషికి పెనాంగ్ గురువుని ఇచ్చింది ఫోనే. కాని కాళ్ళు చూసేందుకు ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి నాకు ముందు నుంచీ ఉన్నాడు, కనబడడానికే ఆలస్యమైంది.

కాలేజీ తెరిచాక హాస్టలుకి వచ్చేశాను. లాబ్‌లో ప్రయోగం చెడిన రోజుల్లో, ఫెలోషిప్ రాని నెలల్లో, వేపచెట్టు కింది ఆ పావుగంటే నన్ను నిలబెట్టింది. ఆవిడ క్లాసులు ఇప్పుడు వారానికి ఒక్కసారే. జూనియర్లలో ఇద్దరు ముగ్గురు నా పక్కన చేరుతున్నారు. మొదట వెక్కిరించడానికి వచ్చినవాళ్ళే. వాళ్ళని నిలబెట్టి వెనకనుంచి కాళ్ళు చూస్తుంటే నాకు తెలియకుండానే నా నోట్లోంచి "మడమ" అని వస్తుంది.

ఆదివారం సాయంత్రం ఇంటికి ఫోను చేస్తాను. అమ్మతో మాట్లాడాక ఫోను నాన్నగారి చెవి దగ్గర పెడుతుంది. ఆయన మాట వినాలంటే నేను ఊపిరి బిగబట్టుకుని వినాలి. తిన్నావా, థీసిస్ ఎందాకా వచ్చింది అన్న ప్రశ్నలుండవు. ఒక్కటే ప్రశ్న.

"వెనక మడమ లేస్తోందా?"

"లేవడం లేదు నాన్నా."

"అబద్ధం" అంటారు.

నిజమే, ఇంకా లేస్తోంది.